జీటీఏ 6 కోసం ఇప్పుడే పీఎస్5 కొనాలా, పీసీకి వచ్చేదాకా ఆగాలా?

కొండకింద (తిరుపతి)

అన్నలూ, తమ్ముళ్లూ, ఒక పంచాయితీ తీర్చండి. చీటీ పాడితే చేతికి 58 వేలు వచ్చింది. ఇంట్లో ఫ్రిజ్ మార్చాలంటున్నారు, అది వేరే సంగతి.

జీటీఏ 6 వీడియో గేమ్ నవంబర్ 19, 2026న వస్తుందని దాన్ని చేసే రాక్‌స్టార్ కంపెనీ ప్రకటించింది. టీవీకి తగిలించి ఆడే కన్సోళ్లు పీఎస్5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్, ఎస్‌లకి మాత్రమే. పీసీ ఊసే ఎత్తలేదు. నా దగ్గరున్నది ఆరేళ్ల నాటి పీసీ, అందులో 1650 గ్రాఫిక్స్ కార్డు. ఇప్పుడు పీఎస్5 తీసుకోవాలా? లేక చెన్నై వెళ్లి రిచ్చీ స్ట్రీట్‌లో పీసీకి కొత్త కార్డు, ర్యామ్ వేయించుకుని, పీసీకి వచ్చేదాకా కూర్చోవాలా?

ఈ ఆటంటే ఎందుకింత పిచ్చి అంటారేమో. 2006లో లీలామహల్ సర్కిల్ దగ్గర ఒక నెట్ సెంటర్ ఉండేది. గంటకి 15 రూపాయలు. ట్యూషన్ ఎగ్గొట్టి పాత జీటీఏ ఆట వైస్ సిటీ ఆడేవాళ్లం. అక్కడ ఏడో నంబర్ సిస్టమ్ కీబోర్డు మీద జెడ్ అక్షరం అరిగిపోయి నున్నగా ఉండేది. లోకంలో జెడ్ అరిగిన కీబోర్డు అదొక్కటే అయ్యుంటుంది. వచ్చిన ప్రతివాడూ 'పాంజర్' అని చీట్ కోడ్ కొట్టి ట్యాంకు దించుకునేవాడు మరి. పోలీసులు వెంటపడితే 'లీవ్ మీ అలోన్'. ఇంగ్లీషు పరీక్షలో 'బ్యూటిఫుల్' రాయలేనోళ్లం, అది మాత్రం కీబోర్డు చూడకుండా కొట్టేవాళ్లం.

ఇప్పుడు మళ్లీ ఆ వైస్ సిటీకే తీసుకెళ్తున్నారు. లియోనిడా అనే రాష్ట్రం, జేసన్, లూసియా అనే జంట. 2023 డిసెంబర్‌లో మొదటి ట్రైలర్ చూసినప్పటి నుంచి ఆగుతానే ఉన్నా. ముందు 2025 అన్నారు, తర్వాత 2026 మే 26 అన్నారు, ఇప్పుడు నవంబర్. ఇంక నావల్ల కాదు. చెప్పండి.

పాకాల పాసింజర్

ఆగు సామీ, తొందరపడొద్దు. పాత లెక్కలు చూద్దాం. జీటీఏ 5 కన్సోళ్లకి 2013 సెప్టెంబర్‌లో వస్తే పీసీకి 2015 ఏప్రిల్‌లో వచ్చింది, 19 నెలలు. ఇదే రాక్‌స్టార్ ఆట రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 కన్సోల్‌కి 2018 అక్టోబర్, పీసీకి 2019 నవంబర్. ఇదే నడకైతే జీటీఏ 6 పీసీకి 2027 చివర్లోనో, 2028 నడుమనో. రాకుండా మాత్రం పోదు. జీటీఏ 5 20 కోట్ల కాపీలు దాటి అమ్ముడుపోయింది, అందులో పీసీ వాటా వదులుకునేంత పిచ్చోళ్లు కాదు వాళ్లు.

ఒక్క ఆట కోసం కన్సోల్ కొనడమంటే, ఒక్కరోజు పెళ్లికి కల్యాణ మండపమే కొనేసినట్టు. తర్వాత దాన్నేం చేస్తావు? ఆన్‌లైన్‌లో ఆడాలంటే చందా కట్టాలి. పీసీలో ఆ బాధ లేదు. పీసీ ఆటలు అమ్మే స్టీమ్ అనే ఆన్‌లైన్ దుకాణంలో అయితే కొన్న 14 రోజుల్లోపు, ఆట 2 గంటలు దాటకుండా ఉంటే డబ్బు వెనక్కి తీసుకోవచ్చు. ఆ సౌకర్యం కన్సోల్ దుకాణంలో ఎక్కడుంది?

నా కన్ను విచర్ 4 అనే ఆట మీద ఉంది. 2024 డిసెంబర్‌లో మొదటి ట్రైలర్ వదిలారు, ఈసారి హీరో సిరి. 2027కి ముందు రాదని కంపెనీయే చెప్పింది. నేను ఆగడం లేదా?

రాత్రిషిఫ్ట్ (రేణిగుంట)

పాసింజర్ అన్నా, నీ లెక్క బాగానే ఉంది గానీ 2028 దాకా యూట్యూబ్ చూడకుండా ఎట్ల బతకాలో కూడా చెప్పు. మొదటి వారంలోనే కథ చివరేమైందో థంబ్‌నెయిల్ మీద రాసి పెడతారు.

నా సంగతి చెప్తా. శ్రీసిటీలో షిఫ్ట్ దిగి కంపెనీ బస్సులో ఇంటికొచ్చేసరికి రాత్రి ఒంటిగంట. ఆ టైమ్‌లో డ్రైవర్ అప్‌డేట్, షేడర్లు తయారవుతున్నాయి, షాడోస్ మీడియమా హైయా... నాకొద్దు. కన్సోల్‌లో బటన్ నొక్కితే నిన్న ఆపిన చోటి నుంచే మొదలవుతుంది. గంటన్నర ఆడి పడుకుంటా. ఈ గంటన్నర కోసమే అంత ఖర్చు పెట్టా, ఒక్కరోజు కూడా బాధపడలేదు.

ఇంకొకటి. కొంటే డిస్క్ పెట్టేదే కొనండి, డిజిటల్ ఎడిషన్ జోలికి పోవద్దు. మేం కొర్లగుంట స్నేహితులం నలుగురం కలిసి ఒక్క డిస్క్ కొంటాం. డబ్బా లోపలి కాగితం మీద స్కెచ్ పెన్నుతో నలుగురి పేర్లూ వరసగా రాసుంటాయి. ఆడేసినవాడు తన పేరు కొట్టేసి తర్వాతివాడికి ఇవ్వాలి. అందరి పేర్లూ కొట్టేశాక ఓఎల్‌ఎక్స్‌లో అమ్మేస్తాం. అయిదు వేల ఆట తలకి ఏడెనిమిది వందలు పడుతుంది. ఇది స్టీమ్ సేల్‌లో వస్తుందా?

ఇక ఆగితే ధర తగ్గుతుందనేది పాత కాలం మాట. పీఎస్5 మన దేశానికి 2021 ఫిబ్రవరిలో వచ్చినప్పుడు డిస్క్ వెర్షన్ ₹49,990. 2022 నవంబర్‌లో ₹54,990 చేశారు. వయసు పెరిగేకొద్దీ ధర కూడా పెరిగిన పెట్టె ఇది. పీసీ సంగతి ఇంకా ఘోరం. 2025 చివరి నుంచి ఏఐ డేటా సెంటర్ల గిరాకీకి ర్యామ్ ధరలు ఎట్ల ఎగిరాయో రిచ్చీ స్ట్రీట్‌లో ఏ కొట్టులో అడిగినా చెప్తారు.

కొండకింద

ర్యామ్ మాట నిజమే. పోయినవారం ఫోన్ చేసి అడిగితే కొట్టతను ధర చెప్పి, "రేపు ఇదే ధరకి ఇస్తానని మాత్రం అనుకోవద్దు" అన్నాడు. బంగారం కొట్టులో మాట్లాడినట్టుంది.

అయితే ముందే డబ్బు కట్టేయొచ్చా? ప్రీ ఆర్డర్ చేస్తే ఆట రాత్రి పన్నెండుకే తెరుచుకుంటుంది కదా.

పాకాల పాసింజర్

ప్రీ ఆర్డర్ మాత్రం వద్దు తమ్ముడూ, కాళ్లు పట్టుకుంటా. డిస్క్ అయితే సరుకు అయిపోతుందనే భయముంటుంది. డౌన్‌లోడ్ ఆటకి సరుకు అయిపోవడమేంది? నీ డబ్బు ముందు పోతుంది, ఆట ఎట్లుందో మాత్రం తర్వాతే తెలుస్తుంది.

సైబర్‌పంక్ 2077 గుర్తుందా? 2020 డిసెంబర్ 10న వచ్చింది. పీఎస్4లో కార్లు గాల్లో తేలాయి, మనుషులు గోడల్లోంచి నడిచారు. వారం తిరిగేసరికి పీఎస్ తయారుచేసే సోనీ తన దుకాణంలోంచి దాన్ని తీసేసి డబ్బులు వెనక్కిచ్చింది. మళ్లీ పెట్టింది 2021 జూన్‌లో. 2023 సెప్టెంబర్‌లో 2.0 అప్‌డేట్ వచ్చాక నేను కొన్నా. అంత మంచి ఆట ఈ పదేళ్లలో ఆడలేదు. మొదటి రోజు కొన్నవాళ్లు ఆడింది, నేను ఆడింది ఒకే ఆట అంటే ఎవరూ నమ్మరు.

అది వేరే కంపెనీ కదా అంటావేమో. ఇదే రాక్‌స్టార్ 2021 నవంబర్‌లో వైస్ సిటీతో కలిపి మూడు పాత ఆటలకి కొత్త మెరుగులని అమ్మింది. వాన పడితే దారి కనపడదు, మొహాలు మైనం బొమ్మల్లా ఉన్నాయి. చివరికి కంపెనీయే క్షమాపణ చెప్పింది. నీ ఏడో నంబర్ సిస్టమ్‌లో ఆడిన వైస్ సిటీయే దానికంటే నయం.

రాత్రిషిఫ్ట్

అన్నా, అక్కడ నువ్వు ఒక సంగతి దాచావు. ఆ మూడు ఆటల పని బయటి స్టూడియోకి ఇచ్చారు. రాక్‌స్టార్ సొంతంగా చేసిన జీటీఏ 5 గానీ, రెడ్ డెడ్ 2 గానీ కన్సోల్‌లో మొదటి రోజే శుభ్రంగా ఆడాయి. రెడ్ డెడ్ 2 తడబడింది ఎక్కడో తెలుసా? పీసీలోనే. 2019 నవంబర్‌లో కొన్నవాళ్లు చాలామంది ఆటని మొదలుపెట్టే లాంచర్ తెరుచుకోక తిట్టుకున్నారు. ఏడాది ఆగి, ఆగినందుకు అదీ బహుమతి.

రెండుసార్లు వాయిదా వేశారని నేనైతే సంతోషపడ్డా. సగం ఉడికింది వడ్డించేకంటే ఆలస్యం మేలు. ప్రీ ఆర్డర్ వద్దనే మాట మాత్రం ఒప్పుకుంటా.

తోతాపురి (చిత్తూరు)

మీరంతా ఒక్క ఆట చుట్టూనే తిరుగుతున్నారేంది? మాకు తోట ఉంది. 2025లో తోతాపురి మామిడి ధర ఎట్ల పడిపోయిందో ఈ జిల్లాలో ఎవరికీ చెప్పక్కర్లేదు. ఆ ఏడాది 50 వేల పెట్టె గురించి ఇంట్లో నోరు తెరిచే ధైర్యం నాకు లేదు. నా దగ్గరున్నది డిగ్రీలో కొన్న లాప్‌టాప్, విడిగా గ్రాఫిక్స్ కార్డు కూడా లేదు.

నేను ఎదురుచూసిన ఆట సిల్క్‌సాంగ్. 2019 ఫిబ్రవరిలో ప్రకటించారు, 2025 సెప్టెంబర్ 4న వచ్చింది. ఆరున్నరేళ్లు! ఆస్ట్రేలియాలో అడిలైడ్ అనే ఊళ్లో వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది చేసిన ఆట. విడుదలైన గంటలో స్టీమ్ సహా చాలా దుకాణాలు మొరాయించాయి. నేను మామిడి చెట్టు కింద మంచం మీద కూర్చుని ఫోన్ హాట్‌స్పాట్‌తో కొనడానికి ప్రయత్నిస్తా ఉంటే 'తర్వాత ప్రయత్నించండి' అని ఒకటే పాట. రాత్రికి దొరికింది. నా డొక్కు లాప్‌టాప్‌లో చక్కగా ఆడింది, ఫ్యాన్ మాత్రం వరికోత మిషన్ లాగా అరిచింది.

నాకు నచ్చిన ఆటకి నేను కొత్త పెట్టె కొనాల్సిన పని రాలేదు. అదీ నేను చెప్పేది.

ఇంకో కోరిక కూడా ఉంది. చైనావాళ్లు వాళ్ల కోతి దేవుడి కథతో బ్లాక్ మిత్: వుకాంగ్ చేశారు. 2024 ఆగస్టులో వచ్చి మూడు రోజుల్లో కోటి కాపీలు అమ్ముడుపోయింది. మనకి హనుమంతుడు లేడా? పుణేవాళ్లు 2020లో రాజీ అని ఒకటి చేశారు, చిన్నదే గానీ చూడముచ్చటగా ఉంటుంది. అట్లాంటిది పెద్దగా ఎవరైనా తీస్తే, అప్పుడు నేను కూడా చీటీ పాడతా.

పాకాల పాసింజర్

తోతాపురీ, మంచి మాట చెప్పావు. కానీ కొండకిందకి కావాల్సింది వైస్ సిటీ. పులిహోర అడిగినోడికి పెరుగన్నం బాగుందని చెప్తే వింటాడా?

చంద్రగిరి అక్క

నాయనా, మధ్యలో వస్తున్నా, ఏమనుకోవద్దు. మా అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం. ఈ ఆట పేరు చెప్పే నవంబర్‌కల్లా ఏదో ఒకటి కొనమని ప్రాణం తీస్తున్నాడు. పబ్లిక్ పరీక్షలు అయ్యాక చూద్దాం అంటే, "అప్పటికి కథ అందరికీ తెలిసిపోతుంది" అంటాడు. ఇంతకీ పిల్లలు ఆడదగ్గ ఆటేనా ఇది?

రాత్రిషిఫ్ట్

అక్కా, సూటిగా చెప్తా. కాదు. జీటీఏ 5కి యూరప్‌లో 18 నిండినవారికి, అమెరికాలో 17 నిండినవారికి అని ముద్ర వేశారు. తుపాకులు, బూతులు, ఇంకా చాలా. మేం పద్నాలుగేళ్లకి నెట్ సెంటర్‌లో ఆడాం కదా అంటే, అప్పుడు మా అమ్మకి తెలీదు, అంతే. పీఎస్5లో పిల్లల ఖాతా విడిగా తెరిచి వయసు, గంటలు పరిమితి పెట్టొచ్చు. వాడి వయసు 17 అయితే ఇంకో ఏడాదికి మీరే కొనివ్వచ్చు. పాసింజర్ అన్న లెక్క వాడికి బాగా పనికొస్తుంది.

చంద్రగిరి అక్క

సరే నాయనా. పీసీకి వచ్చేదాకా ఆగమంటా. పీసీ కూడా లేదు మా ఇంట్లో.

కొండకింద

అక్కా, ఆ దెబ్బకి మీ వాడు కోలుకోడు.

సరే, నేనొక సంగతి మర్చిపోయా. నవంబర్ 19 అంటే మనకి వానల రోజులు. 2021 నవంబర్ వరదల్లో మా వీధిలో మోకాలి లోతు నీళ్లు, కరెంటు లేదు, నెట్ లేదు. ఫోన్ చార్జింగ్ కోసం బండి బ్యాటరీకి వైర్లు తగిలించుకున్నాం. మళ్లీ అట్లాంటి వారంలోనే ఆట వస్తే? మా కేబుల్ నెట్ 30 ఎంబీపీఎస్. రెడ్ డెడ్ 2 లాగా 150 జీబీ ఉందనుకుంటే, ఆగకుండా దిగినా 11 గంటలు. ఎప్పుడు ఆగకుండా దిగింది గనక!

రాత్రిషిఫ్ట్

అందుకే డిస్క్ అన్నా. అప్‌డేట్ ఎటూ దించుకోవాలి గానీ, సగం బరువు తగ్గుతుంది.

తోతాపురి

డిస్క్ మొదటి రోజే కొట్లోకి వస్తుందని రాసిచ్చారా ఏంది?

మీసేవ పక్కన

చాలా రోజుల నుంచి చదవడమే గానీ రాయలేదు. ఈరోజు ఆగలేకపోయా. లీలామహల్ దగ్గర నెట్ సెంటర్, ఏడో నంబర్ సిస్టమ్, గోడ వైపు ఉండేది. కుర్చీకి ఒక చక్రం లేదు. ఔనా?

కొండకింద

ఔను! చక్రం బదులు ఇటుక ముక్క పెట్టేవాళ్లు. ఎవరు సామీ నువ్వు?

మీసేవ పక్కన

నీ తర్వాతి గంట నాది. టైమ్ అయిపోయినా "ఒక్క మిషన్, ఒక్క మిషన్" అని లేచేవాడివి కాదు. నీకు నాకు మధ్య ఎన్ని గొడవలో. ఆ కీబోర్డులో జెడ్ సగం నేను అరగదీసిందే.

ఇప్పుడక్కడ జిరాక్స్ షాపుంది. నా దగ్గర పీఎస్5 ఉంది, డిస్క్ పెట్టేదే. పిల్లలు పుట్టాక ఆడటం తక్కువైంది, దాని మీద గుడ్డ కప్పి పెట్టా. నువ్వు ఫ్రిజ్ కొనుక్కో. ఆట రానీ, ఒక వారం తీసుకెళ్లి ఆడు. నచ్చితే అప్పుడు మాట్లాడుకుని అదే కొనుక్కుందువు.

పాకాల పాసింజర్

ఇంత గొంతు చించుకుని నేను పీసీ పీసీ అని అరిస్తే, చివరికి అరువు కన్సోల్ గెలిచింది. కానీయండి. మొదటి వారం ఎట్లా ఆడిందో నిజం రాయి కొండకిందా, కార్లు గాల్లో తేలితే అది కూడా రాయి.

కొండకింద

రాస్తా అన్నా. మీసేవ సామీ, మెసేజ్ పెట్టా చూడు. నవంబర్ 19 గురువారం, నేను లీవు పెడతా. కానీ మొదటి గంట నువ్వు ఆడు, ఆ బాకీ ఇరవై ఏళ్ల నుంచి ఉంది.

మీసేవ పక్కన

టైమ్ అయ్యాక లేస్తానని మాత్రం అనుకోవద్దు.