పోర్టింగ్‌కి తెలుగు: ‘దించడం’ అంటే తప్పేంటి?

పోర్టింగ్‌కి, అంటే ఒక యంత్రం కోసం చేసిన గేమ్‌ని ఇంకో యంత్రానికి తగ్గట్టు మార్చడానికి, తెలుగు మాట చెప్పమని ఈమధ్య ఈ గ్రూపులోనే ఎవరో అడిగితే సగం మంది ‘అనువాదం’ అన్నారు, మిగతా సగం ‘రూపాంతరం’ అన్నారు. ఒకరు సరదాకి ‘ఓడరేవుకి చేర్చడం’ అంటే ఇంకొకరు అది నిజమేననుకుని బందరు పోర్టు దాకా వెళ్లొచ్చారు. ఈ పోర్ట్ రేవులోంచి వచ్చింది కాదండీ. మోయడం అనే అర్థంలో లాటిన్‌లో ‘పోర్టారే’ ఉంది, పోర్టబుల్ టీవీ అన్నప్పటి పోర్టబుల్ అక్కడిదే, ఒక యంత్రం కోసం రాసిన ప్రోగ్రామ్‌ని ఇంకో యంత్రం మీదికి మోసుకెళ్లడం కాబట్టి ఇదీ ఆ కుటుంబమే.

నా ఓటు ‘దించడం’కి. ఎందుకో చెప్పాలంటే ఒక గేమ్‌ని దగ్గర పెట్టుకుని చూడాలి, ఊరికే నిఘంటువు తిరగేస్తే తేలే విషయం కాదు. గోల్డెన్ యాక్స్ తీసుకుందాం. మనవైపు చాలామందికి విండోస్‌కి ముందు, డాస్ రోజుల్లో కంప్యూటర్ల మీద పరిచయమైన గేమే గానీ దాని పుట్టిల్లు ఆర్కేడ్, అంటే నాణెం వేసి నిలబడి ఆడే పెట్టె. 1989లో జపాన్ గేమ్ కంపెనీ సెగా వాళ్లు తమ సిస్టమ్ 16 అనే ఆర్కేడ్ బోర్డు మీద తయారుచేశారు, డిజైనర్ మకోటో ఉచిదా. గొడ్డలి పట్టిన మరుగుజ్జు గిలియస్ థండర్‌హెడ్, నిప్పు మంత్రం తెలిసిన టైరిస్ ఫ్లేర్, కత్తి తిప్పే యాక్స్ బ్యాట్లర్ (పేరులో గొడ్డలి, చేతిలో కత్తి, ఇదేం పేరో నాకైతే ఇప్పటికీ అర్థం కాదు), ఈ ముగ్గురికీ డెత్ ఆడర్ అనే దుర్మార్గుడి మీద పగ. అదే ఏడాది చివర్లో జపాన్‌లో ఇంట్లో టీవీకి తగిలించుకునే మెగా డ్రైవ్‌కి కూడా వచ్చేసింది.

అనువాదం అనే మాట ఇక్కడే తేలిపోతుంది. అనువాదంలో మారేది భాష. ఇక్కడ యంత్రం భాష మారనే లేదు. ఆర్కేడ్ బోర్డులో ఉన్న ప్రాసెసర్ మోటరోలా 68000, మెగా డ్రైవ్‌లో ఉన్నదీ 68000. అక్కడ 10 మెగాహెర్ట్జ్, ఇక్కడ 7.67, అంతే తేడా. మారినదంతా దాని చుట్టూ ఉన్న సరంజామా. మెగా డ్రైవ్ రంగుల పట్టికలో ఉన్నవి 64 గడులు, వాటిని నింపే రంగుల్ని మొత్తం 512 లోంచి ఏరుకోవాలి. సౌండ్ చిప్ వేరు. బొమ్మలు, సంగీతం, ప్రోగ్రామ్ అన్నీ కలిపి క్యాసెట్‌లో (కార్ట్రిడ్జ్ అనాలి, మనం ఏనాడన్నాం కనక) 4 మెగాబిట్లలో, అంటే 512 కిలోబైట్లలో సర్దాలి. కాబట్టి కొండలు, ఆకాశం రంగు కాస్త వెలిశాయి, చచ్చే శత్రువుల అరుపులు బొంగురుపోయాయి. అయినా పరిగెత్తి భుజంతో గుద్దడం, విడిదిలో సంచి మోసుకుని తిరిగే బుల్లి దొంగని తంతే మంత్రాల సీసా రాలడం, కోడికాళ్ల జంతువు మీది నుంచి శత్రువుని పడేసి మనం ఎక్కడం, ఇవన్నీ చేతికి తెలిసినట్టే వచ్చాయి.

ఇప్పుడు మన క్రియ చూడండి. బస్సు దించుతుంది, కుండని పొయ్యి మీంచి దించుతాం, బరువు దించుతాం. ఇదొక అర్థం, పై చోటి నుంచి కింది చోటికి తేవడం. రెండోది, ఉన్నదాన్ని ఉన్నట్టు పోలికలతో తేవడం. తెలంగాణలో ‘ఫోటో దించు’ అంటారు. మిమిక్రీ వాడు గొంతు పట్టేస్తే ‘అచ్చం దించేశాడ్రా’ అంటాం. మనవడికి ‘తాత పోలికలు దిగాయి’ అంటాం. ఖరీదైన పెద్ద బోర్డు మీది ఆటని ఇంటి చిన్న పెట్టెలోకి, పోలిక చెడకుండా తేవడానికి ఈ రెండు అర్థాలూ ఒకేసారి కావాలి. ఒకే క్రియలో రెండూ ఉన్న భాష మన చేతిలో ఉంటే సంస్కృతం గోదాములోకి దేనికి వెళ్లడం?

‘దించడం’ అంటే మక్కీకి మక్కీ అనుకుంటారేమో, అలా కాదనడానికి ఈ గేమ్‌లోనే మంచి సాక్ష్యం ఉంది. ఆర్కేడ్‌లో ముగింపు విచిత్రంగా ఉంటుంది. డెత్ ఆడర్ చచ్చాక తెర మీద ఒక ఆర్కేడ్ కనిపిస్తుంది, ఒక కుర్రాడు ఇదే గోల్డెన్ యాక్స్ ఆడుతుంటాడు, ఉన్నట్టుండి పెట్టె పాడైపోయి అందులోని రాక్షసులందరూ బయటికి దూకి వీధిలో పరుగు, వాళ్ల వెనక మన ముగ్గురు వీరులు. ఆర్కేడ్‌లో నిలబడి చూసేవాడికి ఆ జోక్ తగులుతుంది, ఎందుకంటే వాడూ అలాంటి పెట్టె ముందే ఉన్నాడు. డ్రాయింగ్ రూములో చాప మీద కూర్చుని ఆడేవాడికి అదేం తగులుతుంది? మెగా డ్రైవ్‌లో దాన్ని తీసేశారు. దాని బదులు డెత్ ఆడర్ తర్వాత ఇంకాస్త ఆట పెట్టి, చివర్లో డెత్ బ్రింగర్ అనే ఇంకో పెద్ద శత్రువుని నిలబెట్టారు. ఇద్దరు మనుషులు ఎదురెదురుగా కొట్టుకునే డ్యూయల్ మోడ్, కొత్తవాళ్ల కోసం మధ్యలోనే ముగిసే బిగినర్ మోడ్ కూడా చేర్చారు. ఆర్కేడ్‌లో ఆట త్వరగా ముగియాలి, వెనక ఇంకొకడు నాణెం పట్టుకుని ఉంటాడు కాబట్టి. ఇంట్లో ఒకేసారి డబ్బు పోసి కొన్న క్యాసెట్ నాలుగు రోజులకే అయిపోతే తిట్టుకుంటారు. చోటు మారితే ఆట బేరమే మారిపోతుంది, దించేవాడు ఆ లెక్క కూడా చూసుకోవాలి.

ఇంకా కిందికి దించినప్పుడు ఏమవుతుందో చూడాలంటే మెగా డ్రైవ్‌కి ముందు సెగా వాళ్లే చేసిన ఇంటి పెట్టె మాస్టర్ సిస్టమ్‌ వెర్షన్ ఉంది. అది 8 బిట్ యంత్రం, లోపల జెడ్ 80 ప్రాసెసర్, ఇక్కడ మాత్రం భాష కూడా మారింది. తెర మీది ఒక అడ్డ గీతలో 8 స్ప్రైట్లకి (కదిలే చిన్న బొమ్మ ముక్కలకి) మించి చూపించలేదు, స్ప్రైట్ వెడల్పేమో 8 చుక్కలు. ఇంతింత మనుషుల్ని అందులో ఎలా పట్టిస్తారు? ముగ్గురు వీరుల్లో ఇద్దరిని ఇంటికి పంపేశారు, మిగిలిన యాక్స్ బ్యాట్లర్‌కి టారిక్ అని కొత్త పేరు పెట్టారు, ఇద్దరు కలిసి ఆడటం పోయింది. మంత్రాలు మాత్రం మూడింట్లో ఏది కావాలంటే అది ఎంచుకోవచ్చు. అంటే పాత్రలు పోయినా వాళ్ల విద్యలు మిగిలాయి. ఎవరు తీసుకున్న నిర్ణయమో గానీ తెలివైనది.

కామెంట్: మాది కోనసీమ అండీ. మా దగ్గర ‘దింపు’ అంటే కొబ్బరికాయల దింపే. దింపు కార్మికులు, దింపు కూలి, ఈ నెల దింపు అయిందా. ‘గోల్డెన్ యాక్స్ దింపు బాగుంది’ అని రాస్తే మా ఊరివాళ్లు కాయకి రేటెంత అని అడుగుతారు.

జవాబు: అడగనివ్వండి. అందుకే నేను నామవాచకం జోలికి పోలేదు, క్రియగానే వాడమంటున్నాను. ‘మెగా డ్రైవ్‌కి దించారు’, ‘మాస్టర్ సిస్టమ్‌కి దించినప్పుడు ఇద్దర్ని తీసేశారు’. తెలుగులో కొత్త మాట నిలబడేది క్రియగా నోట్లో తిరిగినప్పుడే. నామవాచకాలు పుట్టించి పత్రికల్లో వదిలేస్తే అవి అక్కడే ఉండిపోతాయి.

కామెంట్: నామవాచకం వద్దనడమే మంచిదైంది సార్, ‘దింపుడు’ అన్నారంటే వెంటనే కళ్లం గుర్తొస్తుంది. కొన్ని పోర్ట్‌లకి అదే సరైన మాటనుకోండి. చెవిలో మూడుసార్లు పిలిచినా లేవవు.

జవాబు: దింపుడు కళ్లం ఆశ పెట్టుకుని కొన్న గేములు అందరి ఇళ్లలోనూ ఉంటాయి లెండి. ఆ పేర్లు ఇక్కడ వద్దు.

కామెంట్: అన్నా, ‘పరకాయ ప్రవేశం’ ఎందుకు కాదు? విక్రమార్కుడి కథల్లో రాజు ప్రాణం చిలకలోకి పోతది, ఒళ్లు వేరు, లోపల ఉన్నది ఆయనే. గేమ్ గూడ అంతే గద. పెట్టె మారింది, పాణం అదే.

జవాబు: వినడానికి చాలా బాగుంది తమ్ముడూ, వ్యాసానికి శీర్షికగా పెడితే కళ్లు చెదురుతాయి. కానీ రెండు చోట్ల కుదరట్లేదు. పరకాయ ప్రవేశంలో మొదటి ఒళ్లు ఖాళీ అవుతుంది, దానికి కాపలా పెట్టాలి. ఇక్కడ ఆర్కేడ్ పెట్టె బతికే ఉంది, నాణేలు తింటూనే ఉంది. రెండోది, ఆ కథల్లో ప్రాణం కొత్త ఒంట్లో దూరగానే అన్నీ పనిచేస్తాయి, ఎవరూ కూర్చుని రంగులు తగ్గించక్కర్లేదు, అరుపులు కుదించక్కర్లేదు. పోర్టింగ్‌లో పనంతా అదే. ఆ చాకిరీ కనపడని మాట నాకు నచ్చదు.

కామెంట్: ‘దించేశాడు’ అంటే మనవాళ్లు కాపీ కొట్టాడనే అర్థం చేసుకుంటారు. సినిమా రివ్యూల్లో ‘సీన్ మొత్తం దించేశారు’ అంటే మెచ్చుకోలు కాదు కదా. పరీక్షల్లో అయితే ఇక చెప్పక్కర్లేదు. హక్కులున్న కంపెనీ తన గేమ్‌ని తానే వేరే యంత్రానికి తెచ్చుకుంటే దొంగతనం వాసన ఎందుకు?

జవాబు: మేడం, ఈ అభ్యంతరం బరువైనదే. కానీ వాసన ఉన్నది ‘దించేయడం’లో, అందులోని ‘వేయడం’లో. ‘చేశాడు’కీ ‘చేసేశాడు’కీ ఉన్న తేడా. ఎవరూ ‘ఫోటో దించేశాడు’ అని తిట్టరు. ‘దించారు’, ‘దించి తెచ్చారు’ అన్నప్పుడు ఆ నింద రాదు. ‘దేనికి దించారు’ అని చెప్పినప్పుడైతే అసలు రాదు, కాపీ కొట్టేవాడు ‘దేన్నుంచి’ దించాడని అడుగుతాం గానీ ‘దేనికి’ అని అడగం. ఆ ‘కి’ విభక్తి చేసే పని చిన్నదేం కాదు.

కామెంట్: డౌన్‌లోడ్‌కి ఇప్పటికే ‘దించుకోలు’, ‘దించుకోవడం’ వాడుతున్నారు, కొన్ని వెబ్‌సైట్లలో ‘దిగుమతి’ అని కూడా. గందరగోళం కాదా?

జవాబు: ‘దించుకోవడం’ మనకోసం మనం చేసుకునేది, ‘దించడం’ ఇంకొకరి కోసం చేసేది. వండటం, వండుకోవడం లాంటిదే. ‘సెగా వాళ్లు దించారు, నేను దించుకున్నాను’ అంటే ఎవరు ఏం చేశారో తెలుగు పిల్లాడికి కూడా తెలుస్తుంది. కోవడం అనే తోక అంత పనిమంతురాలు.

కామెంట్: సరే, ఇప్పుడు ఆన్‌లైన్‌లో కొనుక్కునే పాత మెగా డ్రైవ్ గేములు చాలావరకు ఎమ్యులేషన్. అదీ దించడమేనా?

జవాబు: కాదు, అక్కడ గేమ్‌ని ఎవరూ ముట్టుకోరు. క్యాసెట్‌లో ఏముందో అదే బైటు పొల్లు పోకుండా నడుస్తుంది. కొత్త కంప్యూటరే మెగా డ్రైవ్ వేషం కడుతుంది, గేమ్ అది నిజమనుకుని ఆడేస్తుంది. పగటివేషం అనొచ్చు. ఇది సరదాకి అనట్లేదు, పోర్ట్‌కీ ఎమ్యులేషన్‌కీ తేడా చెప్పమంటే నేను ఇలాగే చెబుతాను: ఒకదాంట్లో ఆట మారుతుంది, ఇంకోదాంట్లో యంత్రం మారినట్టు నటిస్తుంది.

కామెంట్: మీ వాదన అంతా పెద్దదాని నుంచి చిన్నదానికి వచ్చినప్పుడే. డయాబ్లో గేమ్ సంగతేంటి? పీసీ నుంచి 1998లో ప్లేస్టేషన్‌కి వచ్చింది. మౌస్‌తో క్లిక్ చేసి నడిపించే ఆటని ప్యాడ్‌కి తగ్గట్టు మార్చారు, పీసీలో నెట్‌వర్క్ ఉంటేనే ఇద్దరు ఆడగలిగేది, ప్లేస్టేషన్‌లో ఒకే టీవీ ముందు పక్కపక్కన కూర్చుని ఆడొచ్చు. అది దిగిందా, ఎక్కిందా? గోల్డెన్ యాక్స్ కూడా తర్వాత 2003లో ప్లేస్టేషన్ 2కి త్రీడీలో వచ్చింది. దాన్ని కూడా దించారనే అంటారా?

జవాబు: డయాబ్లోకి దించడమే అంటాను. టేబుల్ మీది నుంచి చాప మీదికి దిగింది, ఇద్దరికి చోటు దొరికింది, దిగితే తగ్గాలని రూలేం లేదు. ప్లేస్టేషన్ 2 గోల్డెన్ యాక్స్ వేరు, అది పోర్ట్ కానే కాదు, బొమ్మలన్నీ కొత్తగా చేసి మళ్లీ కట్టిన రీమేక్. దానికి ఈ మాట అడగకండి. చిన్న యంత్రం మీది గేమ్‌ని బొమ్మలు మార్చకుండా పెద్ద యంత్రానికి తీసుకెళ్తే మాత్రం ‘దించడం’ అతకదు, ఒప్పుకుంటాను. ‘ఎక్కించడం’ అందామంటే విండోస్ ఎక్కించడం, యాప్ ఎక్కించడం అని ఇన్‌స్టాల్‌కి జనం ఎప్పుడో పట్టుకుపోయారు, వాళ్ల నోట్లోంచి లాక్కోలేం. అలాంటి చోట ‘పోర్ట్ చేశారు’ అనే రాస్తాను. ఇంతకన్నా మంచి మాట ఎవరికైనా తడితే పెట్టండి, క్రియ అయితేనే.