ఉప్పుగాలి ఊళ్లో కంప్యూటర్ ఎందుకు నిలబడటం లేదు? పాతది కొనాలా, కొత్తది కొనాలా?

గట్టుమీదోడు (సఖినేటిపల్లి మండలం)

అందరికీ నమస్కారమండి. మాది అంతర్వేది దగ్గర, ఇంటికి మూడు వైపులా రొయ్యల చెరువులే, గాలి మళ్లిందంటే కిటికీ ఊచలు కూడా జిగటగా అయిపోతాయి. గట్టు మీద షెడ్డులో సీసీ కెమెరాల రికార్డింగుకీ మేత లెక్కలకీ ఒక కంప్యూటర్ పెట్టాం, రాత్రీ పగలూ ఆన్‌లోనే ఉంటుంది. రెండో వర్షాకాలం దాటకుండానే మదర్‌బోర్డు పోయింది. మార్పించాం, అది కూడా ఎక్కువ కాలం ఆగలేదు. షాపతను "బోర్డు షార్టయిందండి" అంటాడు తప్ప ఎందుకయిందో చెప్పడు.

విచిత్రం ఏంటంటే మేడ మీద నాన్నగారు ట్యాలీకి (లెక్కల సాఫ్ట్‌వేర్) వాడే పాత డెస్క్‌టాప్, ఇంటెల్ పాత చిప్పు కోర్ టూ డ్యుయో కాలం నాటిది, ఇప్పటికీ గురగురమంటూ నడుస్తూనే ఉంది. ఆ రోజుల్లో వస్తువు గట్టిగా చేసేవారు, ఇప్పుడు కావాలనే మూడేళ్లకి పోయేలా చేస్తున్నారని నాన్నగారి వాదన. మా బావేమో మిలిటరీ గ్రేడ్ అని అట్ట మీద రాసుండే గేమింగ్ బోర్డు తీసుకోమంటున్నాడు. నాకేమో హైదరాబాద్‌లో లీజు అయిపోయాక అమ్మే ఆఫీసు డెస్క్‌టాపులు బాగుంటాయనిపిస్తోంది. తెలిసినవాళ్లు కాస్త చెప్పండి. ఎస్‌ఎస్‌డీ (చిప్పులతో చేసిన డిస్కు) వెయ్యాలా, మామూలు హార్డ్‌డిస్కా అన్నది కూడా.

పాతసామాన్ల బాబాయ్ (పాలకొల్లు)

నాన్నగారి మీద గౌరవంతోనే చెబుతున్నా, ఆ మాట మాత్రం నేను ఒప్పుకోనండి. ఆయన మిషన్ బతికుంది కాబట్టి కళ్లకి కనిపిస్తోంది, దానితో పాటు అదే ఏడాది కొన్నవాటిలో ఎన్ని పాతసామాన్ల కొట్టుకి పోయాయో ఎవరు చూశారు? నా దగ్గరకి వచ్చేవి అవే కాబట్టి నేను చూశాను. 2000 తర్వాత కొన్నేళ్ల పాటు వచ్చిన బోర్డుల్లో కెపాసిటర్లు (కరెంటుని కాసేపు దాచి నిలకడగా ఇచ్చే చిన్న డబ్బీలు) లోపలి నాసిరకం ద్రవం, అంటే ఎలక్ట్రోలైట్ వల్ల బూరెల్లా ఉబ్బి కారిపోయేవి. అది ఎంత పెద్ద గొడవంటే డెల్ కంపెనీ తన ఆప్టిప్లెక్స్ ఆఫీసు డెస్క్‌టాపుల బాగుచేతకి 2005లో 30 కోట్ల డాలర్లు ఖర్చు రాసుకుంది. 2008లో ల్యాప్‌టాప్ గ్రాఫిక్స్ చిప్పులు వరసగా పోతుంటే ఎన్విడియా 15 నుంచి 20 కోట్ల డాలర్లు పక్కన పెట్టాల్సి వచ్చింది. ఇవన్నీ ఆ "గట్టి" రోజుల్లోనే జరిగాయి. నిజానికి ఇప్పటి ఓ మాదిరి బోర్డు మీద వచ్చే సాలిడ్ కెపాసిటర్లలో కారడానికి ద్రవమే ఉండదు, ఆ విషయంలో కొత్తవే మేలు.

మరి మీది ఎందుకు పోతోందంటే, అది ఉన్న చోటు అలాంటిది. ఉప్పు కణాలు గాలితో పాటు ఫ్యాను లాగేసి బోర్డు మీద పరుస్తాయి. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు తనంతట తానే నీళ్లు పీల్చుకుని చెమ్మగిల్లుతుంది, ఆ చెమ్మలోంచి సన్నగా కరెంటు పారుతుంది, రాగి చిలుము పడుతుంది. మన దగ్గర వర్షాకాలంలో 75 దాటని రాత్రి ఉంటుందా అసలు. ఒక మంచి సంగతి ఏంటంటే నడుస్తున్న మిషన్ లోపల వేడిగా ఉంటుంది కాబట్టి అక్కడ తేమ శాతం తగ్గుతుంది. అందుకే మాకు ఎక్కువగా క్రాప్ హాలిడేకి (చెరువు ఖాళీగా ఉంచే రోజులు) ఆపేసి, మూల పెట్టి, మళ్లీ సీజన్‌కి స్విచ్ వేసిన రోజున పోయిన బోర్డులే వస్తాయి. మీరూ అలా ఆపారా?

ఇంకోటి చెరువు. అడుగు బురద కదిపినప్పుడు కుళ్లిన గుడ్ల వాసన వస్తుందే, అది హైడ్రోజన్ సల్ఫైడ్. వెండినీ రాగినీ నల్లగా చేసేస్తుంది. బోర్డు మీద బియ్యపు గింజ కంటే చిన్నగా ఉండే రెసిస్టర్ల కొసల్లో వెండి ఉంటుంది, అది తినేస్తే పైకి ఏమీ తెలియదు, బోర్డు మాత్రం లేవదు. షాపతనికి కారణం కనపడకపోవడంలో అతని తప్పేం లేదు.

మిలిటరీ గ్రేడ్ గురించి: అమెరికా సైన్యం వాడే 810 అనే ప్రమాణం ఒకటుంది, అందులో చాలా పరీక్షలుంటాయి, ఉప్పు పొగమంచుకి విడిగా 509 అనే పద్ధతే ఉంది. అయితే ఏ పరీక్షలు చేయించుకోవాలన్నది తయారుచేసినవాడి ఇష్టం. కింద పడేసి చూసిన పరీక్ష ఒక్కటి పాసైనా అట్ట మీద ఆ పేరు వేసుకోవచ్చు. 509 పాసైందని విడిగా రాసి ఉంటే బావగారి మాట వినండి, లేకపోతే ఆ డబ్బులు ఎర్తింగుకి పెట్టండి.

నేను ఏది కొన్నా చూసేది ఒక్కటేనండి, ముందుగా పోయే భాగం బయట ఉందా, చవకదా, మన పక్క టౌన్లో దొరుకుతుందా. ఆ లెక్కన మీకు ఫ్యాన్ లేని మినీ పీసీ సరిపోతుంది. కరెంటు దెబ్బ ఏదొచ్చినా చాలావరకు బయట ఉన్న అడాప్టర్ మీదే పడుతుంది, 12 వోల్టుల అడాప్టర్ నరసాపురంలోనూ దొరుకుతుంది. ఫ్యాన్ లేదు కాబట్టి ఉప్పుని లోపలికి లాగేవాడూ ఉండడు. లీజు డెస్క్‌టాపులు తయారీలో గట్టివే, నేనూ వాడతాను, కానీ వాటిలో చాలా మోడళ్ల ఎస్‌ఎంపీఎస్ (లోపల కరెంటు సప్లై ఇచ్చే డబ్బా) కనెక్టర్ ఆ కంపెనీకే ప్రత్యేకం, పోయిన రోజున మామూలుది తగిలించలేరు. పైగా 14 అక్టోబర్ 2025తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ అయిపోయింది. విండోస్ 11కి ఇంటెల్ అయితే ఎనిమిదో తరం నుంచి ఉండాలి. ఆరో తరానివి, ఏడో తరానివి చవగ్గా కుప్పలుగా దొరకడానికి కారణం అదే, విండోస్ బదులు లినక్స్ వేసుకునే ఓపిక ఉంటేనే వాటి జోలికి వెళ్లండి.

ఏరేటర్‌మోత (భీమవరం)

బాబాయ్ గారు బాగా చెప్పారు కానీ ఇవన్నీ చేసేంత తీరిక ఎవరికుందండీ. చెరువు మీద ఉండేవాడు ఆక్సిజన్ చూసుకోవాలా, రెసిస్టర్లు చూసుకోవాలా. నేనైతే షెడ్డులో కంప్యూటరే తీసేశాను. కెమెరాలకి ఎన్‌వీఆర్ డబ్బా (కెమెరా రికార్డింగుకే చేసిన రికార్డర్) ఒకటి, లెక్కలకి ఫోను. ఫోను పాడైతే ఇంకో ఫోను. ఆన్‌సైట్ వారంటీ ఉన్న కొత్త ల్యాప్‌టాప్ ఒకటి ఇంట్లో ఉంది, పోతే వాళ్లే వచ్చి చూసుకుంటారు. మన్నిక మన్నిక అని పదేళ్లు ఒకే మిషన్‌ని పట్టుకు వేలాడటం నాకు అర్థం కాదు, స్పీడు అక్కర్లేదా?

పాతసామాన్ల బాబాయ్ (పాలకొల్లు)

ఆన్‌సైట్ వారంటీ కాగితం ఒక్కసారి చదవండి సార్. తుప్పు, నీటి చెమ్మ, కరెంటు హెచ్చుతగ్గులు, వీటికి వర్తించదని చాలా కంపెనీలు రాసే ఉంచుతాయి. మన ఊళ్లలో పోయేది సరిగ్గా వాటి వల్లే! ర్యామ్ బోర్డుకే అతికించేసిన ల్యాప్‌టాప్ అయితే ఒక్క చిప్పు పోయినా బోర్డు మొత్తం మార్చమంటారు. మేత లెక్కలకి స్పీడెందుకో కూడా చెప్పండి. ఎన్‌వీఆర్ మాటకి మాత్రం నాకు అభ్యంతరం లేదు.

సోల్డరింగ్ పొగ (అమలాపురం)

నేను బోర్డులు బాగుచేసే పనిలోనే ఉన్నాను కాబట్టి నాలుగు ముక్కలు. ఉప్పు సంగతి నిజమే, కానీ ఆ ఒక్కదాని వల్లే రెండు బోర్డులు అంత తొందరగా పోవు. కరెంటు చూడండి. ఆక్వా లైన్లలో ఏరేటర్లు ఒక్కసారిగా ఆన్ అయినప్పుడు వోల్టేజి పడిపోవడం ఒక రకం, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్ ఊడిపోవడం ఇంకో రకం. రెండోది ప్రమాదం. న్యూట్రల్ తెగితే రెండు ఫేజుల మధ్య ఉన్న 415 వోల్టులని రెండు ఇళ్లు పంచుకుంటాయి, ఎవరింట్లో తక్కువ సామాన్లు నడుస్తుంటే వాళ్లకి ఎక్కువ వాటా పడుతుంది. మంచి ఎస్‌ఎంపీఎస్ కూడా 264 వోల్టుల వరకే తట్టుకుంటుంది. స్పైక్ బస్టర్ ఉంది కదా అనుకోకండి, చాలావాటిలో స్విచ్చూ ఫ్యూజూ తప్ప ఏమీ ఉండదు. వోల్టేజి దెబ్బని మింగే చిన్న బిళ్ల ఉన్నవాటిలో కూడా అది క్షణంలో వెళ్లిపోయే దెబ్బకి పనికొస్తుంది, అరగంట పాటు 350 వస్తే అదే కాలిపోతుంది. మీటర్ బోర్డులో ఓవర్ వోల్టేజి, అండర్ వోల్టేజి కటాఫ్ పెట్టించండి, ఎలక్ట్రీషియన్‌కి తెలుస్తుంది, ఫ్రిజ్‌కీ టీవీకీ కూడా అదే కాపలా.

చవక ఎస్‌ఎంపీఎస్ గురించి ఒక లెక్క. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్‌కి 10 డిగ్రీలు వేడి తగ్గితే ఆయుష్షు రెట్టింపు అని మా పనిలో అందరూ వాడే సూత్రం. 105 డిగ్రీల దగ్గర 2000 గంటలు అని ఉన్నది 65 డిగ్రీల్లో నడిస్తే 32 వేల గంటలు వస్తుంది. అదే 85 డిగ్రీల రకం వేసి ఉంటే 8 వేల గంటలే, రాత్రీ పగలూ ఆన్‌లో ఉంచేవాళ్లకి అది ఏడాది కూడా కాదు. బయటి నుంచి రెండూ ఒకేలా ఉంటాయి, బరువు చూసి కొనడం పాత అలవాటే కానీ బరువు కోసం లోపల ఇనుప ముక్క పెట్టిన ఎస్‌ఎంపీఎస్ కూడా విప్పాను నేను.

ఇక డిస్కు. నాలుగు కెమెరాలు, ఒక్కోటి 4 మెగాబిట్లు అనుకుంటే రోజుకి 170 జీబీ పైనే రాస్తుంది, ఏడాదికి 63 టీబీ. 80 టీబీ వరకే రాయడానికి హామీ ఉన్న చవక ఎస్‌ఎస్‌డీ అయితే ఏడాదిన్నర తిరక్కుండానే ఆ హామీ దాటేస్తారు. రికార్డింగుకి నిఘా కెమెరాల కోసమే చేసిన హార్డ్‌డిస్కు వెయ్యండి, డబ్ల్యూడీ పర్పుల్, సీగేట్ స్కైహాక్ లాంటివి, రాసేదీ చదివేదీ కలిపి ఏడాదికి 180 టీబీకి లెక్కగట్టి చేస్తారు. విండోస్ మాత్రం చిన్న ఎస్‌ఎస్‌డీలో పెట్టుకోండి.

ఇంకో చిన్న విషయం, ర్యామ్ తీసి పెన్సిల్ రబ్బరుతో రుద్దడం ఎవరు నేర్పారో గానీ మానేయండి. బంగారు పూత అసలే పల్చన, రుద్దిన కొద్దీ పోతుంది, ఆ తర్వాత ఉప్పుగాలికి ఇంకా సులువు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిస్తే చాలు.

గట్టుమీదోడు (సఖినేటిపల్లి మండలం)

అందరికీ ధన్యవాదాలండి, ఇంత వివరంగా చెబుతారనుకోలేదు. బాబాయ్ గారూ, అవునండి, పంట పట్టేశాక షెడ్డు తాళం వేసేస్తాం, నెలా రెండు నెలలు కంప్యూటర్ ఆఫ్‌లోనే ఉంటుంది. ఇంకోటి అడగాలి, షెడ్డులో సీపీయూ డబ్బా ముట్టుకుంటే వేళ్లకి జిల్లుమంటుంది, పిల్లలు భయపడుతున్నారు. దీనికీ ఆ కెమెరా వైర్లకీ సంబంధం ఉందా? చెరువు అవతలి గట్టు కెమెరా నుంచి షెడ్డు దాకా నల్ల లాన్ వైరు స్తంభాల మీదుగా లాగాం. రెండోసారి బోర్డు పోయింది పిడుగులు పడిన రాత్రే.

సోల్డరింగ్ పొగ (అమలాపురం)

జిల్లుమంటోందంటే మీకు ఎర్తింగ్ లేదు, అంతే. ఎస్‌ఎంపీఎస్ లోపల రెండు చిన్న కెపాసిటర్లు ఫేజ్ నుంచీ న్యూట్రల్ నుంచీ డబ్బాకి కలిపి ఉంటాయి, మూడో పిన్ను ఎర్త్‌కి వెళ్లకపోతే డబ్బా మీద సగం వోల్టేజి, 115 దాకా, తేలుతూ ఉంటుంది. సాధారణంగా కరెంటు చాలా తక్కువ కాబట్టి మనిషికి ఏమీ కాదు, కానీ షెడ్డులో తడి కాళ్లతో తిరుగుతారు, పైగా ఏ మోటారు లీకేజీ అయినా అదే దారిలో రావచ్చు. ముందు అది సరిచేయించండి, కంప్యూటర్ సంగతి తర్వాత. ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సప్లై ఆపేసే స్విచ్) కూడా పెట్టించండి.

మన నేల ఎప్పుడూ చెమ్మగా ఉంటుంది కాబట్టి ఎర్త్ బాగా అందుతుంది, ఆ అదృష్టం రాయలసీమ వాళ్లకి లేదు. అయితే మీ వైపు ఉప్పు నేల, జీఐ పైపు (జింకు పూత ఇనుప పైపు) పాతితే కొన్నేళ్లకి తుప్పు పట్టి లోపలే తెగిపోతుంది, పైన చూస్తే మాత్రం బాగానే ఉంటుంది. రాగి పూత ఉన్న రాడ్ వేయించండి, ఏటా వానలకి ముందు ఒకసారి కొలిపించండి.

పిడుగు మాట: స్తంభాల మీద అంత పొడవు రాగి తీగ కట్టారంటే మెరుపుకి మీరే దారి వేసినట్టు. మీద పడక్కర్లేదు, దగ్గర్లో పడినా ఆ తీగలో వోల్టేజి పుడుతుంది, నేరుగా మీ లాన్ పోర్ట్‌లోకి దిగుతుంది. ఎస్‌ఎంపీఎస్ బాగానే ఉండి బోర్డు మాత్రమే పోయిందంటే నా అనుమానం దాని మీదే. ఇంతకీ ఆ వైరు 100 మీటర్ల లోపేనా? అంతకి మించితే ఎలాగూ సరిగా పనిచేయదు. అవతలి గట్టు నుంచి ఫైబర్ లాగించి రెండు కొసలా మీడియా కన్వర్టర్లు (ఫైబర్‌కీ లాన్ వైరుకీ మధ్య సిగ్నల్ మార్చే డబ్బాలు) పెట్టండి, కేబుల్ నెట్ వాళ్లకి రోజూ చేసే పనే. ఫైబర్‌తో పాటు ఉండే ఇనుప తీగని మాత్రం షెడ్డులోకి రానివ్వకుండా బయటే ఆపెయ్యమనండి, లేకపోతే ఖర్చంతా వృథా. కెమెరాకి అక్కడే దగ్గర్లో కరెంటు ఇవ్వాల్సి ఉంటుంది, అది గుర్తుంచుకోండి.

పాతసామాన్ల బాబాయ్ (పాలకొల్లు)

ఆయ్, ఫైబర్ లాగేటప్పుడు ఇంకో పది గజాలు ఎక్కువ తెప్పించుకుని రికార్డర్‌ని షెడ్డులోంచి ఇంట్లోకే మార్చెయ్యండి. నాన్నగారి మిషన్ పక్కనే పెట్టండి, అది మేడ మీద, తలుపులేసిన గదిలో ఉంది కాబట్టే ఇన్నాళ్లూ బతికింది. షెడ్డులో మానిటరొకటి, మినీ పీసీ ఒకటి ఉంచుకుంటే చాలు. పంట పట్టాక తాళం వేసేటప్పుడు ఆ మినీ పీసీని కూడా ఇంటికి తెచ్చుకోండి, అరచేతి మందమే ఉంటుంది. అక్రిలిక్ కోటింగ్ స్ప్రే దొరుకుతుంది, స్లాట్లకీ పోర్ట్‌లకీ టేపు వేసి బోర్డు మీద కొట్టచ్చు, కానీ కొత్తదానికి వద్దు, వారంటీ అయ్యాక చూద్దాం.

పోయిన రెండు బోర్డులూ పారేశారా? ఉంటే లాన్ పోర్ట్ పక్కన ఉన్న చిప్పు దగ్గరగా ఫోటో తీసి ఇక్కడ పెట్టండి, కాలిన మచ్చ ఉందో లేదో తేలిపోతుంది.

గట్టుమీదోడు (సఖినేటిపల్లి మండలం)

ఒకటి షాపులోనే ఉండిపోయిందండి, రెండోది అటక మీద ఉంది. రేపు పగటి వెలుతురులో తీసి పెడతాను. ఎర్తింగ్‌కి ఎలక్ట్రీషియన్‌ని ఇప్పుడే పిలిచాను, రాగి రాడ్ అంటే రేటెక్కువ అని గొణుగుతున్నాడు, అయినా వేయిస్తున్నాను.

ఏరేటర్‌మోత (భీమవరం)

ఆ కటాఫ్ ఏ కంపెనీది తీసుకోవాలో ఎవరైనా చెప్పండి, మా షెడ్డుకి కూడా కావాలి.