అప్‌డేట్: హెడర్‌లోని విలువ మెసన్ స్క్రిప్ట్‌లోకి వచ్చింది

నల్లగొండ నుంచి నేనే. ఫ్లోరైడ్ మీటర్ ప్రోగ్రామ్‌లో హెడర్‌లో (కోడ్ ఫైళ్లు పంచుకునే ఫైల్‌లో) ఉన్న బఫర్ సైజును, అంటే డేటాను కాసేపు ఉంచే చోటు సైజును, మెసన్‌లోకి (ప్రోగ్రామ్‌ను బిల్డ్ చేసే టూల్‌లోకి) ఎట్ల తేవాలని అడిగిన కదా, పనైంది.

సాదా డిఫైన్‌కైతే, అంటే ఒక పేరుకు విలువ పెట్టే లైన్‌కైతే, మెసన్‌లోని గెట్_డిఫైన్ ఫంక్షన్ చాలు, దాని ప్రిఫిక్స్ ఆప్షన్‌లో హెడర్‌ను ఇన్‌క్లూడ్ చేయాలె. కానీ అది ఇచ్చేది స్ట్రింగే (వట్టి అక్షరాలే), లెక్క కట్టదు. మా హెడర్‌లో 64 * 16 అని ఉన్నది, డిఫైన్‌లు కాని ఈనమ్‌లు (పేర్లు పెట్టిన సంఖ్యలు) కూడా ఉన్నయి. అందుకే లెక్క కట్టి సంఖ్య ఇచ్చే కంప్యూట్_ఇంట్ ఫంక్షన్ వాడిన. క్రాస్ కంపైల్‌లో (ఒక కంప్యూటర్‌లో వేరే రకం చిప్‌కు బిల్డ్ చేసేటప్పుడు) అది ప్రోగ్రామ్‌ను నడపదు. చిన్న కోడ్ ముక్కలు కంపైల్ చేస్తూ, విలువ ఎక్కువనా తక్కువనా అని హద్దులు తగ్గించుకుంట పోయి పట్టుకుంటది. గెస్ (మన అంచనా విలువ) ఇస్తే ముందు దాన్నే చూస్తది. ఆర్మ్ చిప్ ఉన్న బోర్డుకు బిల్డ్ చేసే నాకు ఇదే పెద్ద లాభం.

హెడర్‌ను గ్రెప్‌తో (ఫైల్‌లో మాటలు వెతికే కమాండ్‌తో) చదివితే ఇఫ్‌డెఫ్‌లో (షరతును బట్టి కోడ్‌ను ఉంచే, తీసేసే చోట) ఏ భాగం వర్తిస్తదో తెలువదు. కంపైలర్‌నే అడుగమని ఇక్కడ చెప్పిన అన్నకు చాలా థ్యాంక్స్.