బేకన్ లేకపోతే అవి చారో బీన్స్ కావా?

ఉలవచారు: శనివారం బార్బెక్యూకి చారో బీన్స్ (మెక్సికో బీన్స్ వంట) చేశాను. మా ఇంట్లో సగంమంది శాకాహారులం, అందుకని బేకన్ (ఉప్పులో ఊరిన పంది మాంసం), చొరీసో (మసాలా పంది సాసేజ్) మానేశా. పింటో బీన్స్ రాత్రంతా నానబెట్టి కుక్కర్లో ఉడికించి, ఉల్లి, వెల్లుల్లి, చివర్లో టమాటా వేయించి కలిపా. పొగ వాసనకి డబ్బాలో అడోబో సాస్‌తో (మిర్చి, వెనిగర్ సాస్) వచ్చే చిపోట్లే మిర్చి రెండు. గిన్నె ఖాళీ! మెక్సికోలోని మాంటెరే నుంచి వచ్చిన పొరుగాయన మాత్రం ‘ఇవి చారో కావు’ అన్నాడు. మీరేమంటారు?

హ్యూస్టన్ బాబాయ్: ఆయన చెప్పిందే కరెక్ట్. ఇది ఉత్తర మెక్సికో వంట, చారో అంటే మెక్సికో గుర్రపు రౌతు. బేకన్ వేగి, కారిన కొవ్వులోనే ఉల్లి, టమాటా, సెరానో మిర్చి మగ్గాలి. రసం చెంచాతో తాగేంత పల్చగా ఉండాలి. మాంసం తీసేస్తే మిగిలేది ఫ్రిహోలెస్ దె ఓయా, కుండ బీన్స్. ఆ పేరు పెట్టుకోండి. రొయ్యలు లేకుండా రొయ్యల ఇగురు అంటామా?

గోంగూర77: టమాటా ఎప్పుడు వేశారు? పులుపు ముందే పడితే గింజ ఉడకదు.

ఉలవచారు: చివర్లో అని రాశాను కదండీ! బాబాయ్ గారూ, గుత్తివంకాయలో ఒకరు నువ్వులేస్తారు, ఒకరు పల్లీలేస్తారు. పేరు మారుతోందా? చిపోట్లే అంటే పొగబెట్టి ఎండబెట్టిన హలపీన్యోనే. నా పొగా మెక్సికోదే.

హ్యూస్టన్ బాబాయ్: వంకాయ తీసేస్తే మారుతుంది.

దమ్ బిర్యానీ: నిప్పు మీద నెయ్యి చుక్కేసి మూత పెట్టండి, గొడవ వదిలిపోతుంది.

హ్యూస్టన్ బాబాయ్: మెక్సికో బీన్స్‌కి మొగలాయి పొగా? దండం.

ఉలవచారు: ఎవరేం వండినా మీకు వంకే. పోయిన దీపావళి పాట్‌లక్‌లో (తలా ఒక వంట తెచ్చే విందు) ఎవరో ‘బీన్సే కదా’ అని మా అత్తగారికి వడ్డించారు. రెండో చెంచాలో బేకన్ ముక్క తగిలింది. ఆవిడ ఒక్క మాటనలేదు. ప్లేటు పక్కన పెట్టి, ఇంటికొచ్చి అర్ధరాత్రి తలస్నానం చేసింది. మళ్లీ ఎవరింటికీ భోజనానికి రాలేదు. ఇవి ఆవిడ కోసం చేశాను.

హ్యూస్టన్ బాబాయ్: అయ్యో. నేననేదీ అదేనమ్మా. రెంటికీ ఒకటే పేరైతే, రేపు ఇంకో పాట్‌లక్‌లో ఆవిడకెలా తెలుస్తుంది?

ఉలవచారు: వడ్డించేవాళ్లు చెప్పాలి. పిల్లలు ‘చారో’ అని ఎగబడేదీ, నానమ్మ తినేదీ ఒకే గిన్నె కావాలి నాకు. ఆవిడకి విడిగా ఇంకో పేరుతో మూలన ఇంకో గిన్నె పెట్టను.

హ్యూస్టన్ బాబాయ్: మీ ఇంట్లో మీ ఇష్టం. పాట్‌లక్‌కి తెస్తే మాత్రం చీటీ అంటించండి.

గోంగూర77: ఇంతకీ ఎన్ని విజిల్స్?