నవాహో సువార్త గాయక కుటుంబాల గురించి తెలిసినవారు దారి చూపగలరా?

అమెరికాలోని ఆరిజోనా, న్యూమెక్సికో, యూటా రాష్ట్రాలలో విస్తరించిన, నవాహో ఆదివాసుల స్వయంపాలిత ప్రాంతమైన నవాహో నేషన్‌లో తాతల నాటి నుంచి మనుమల దాకా సువార్త గీతాలు పాడుతూ, గుడారాల కూటాలలో వాక్యం ప్రకటిస్తూ వస్తున్న కుటుంబాల గురించి ఒక తెలుగు పత్రికకు వ్యాసం రాయదలచుకున్నాను.

ఆరిజోనాలోని గనాడో అనే ఊరిలో ప్రెస్బిటేరియన్ మిషన్ 1901లో మొదలైందనీ, నవాహో భాషలో కొత్త నిబంధన 1956లో, సంపూర్ణ బైబిలు 1985లో వెలువడ్డాయనీ, ఇరవయ్యో శతాబ్దపు ద్వితీయార్ధంలో నవాహో బోధకులే నడిపిన పెంతెకొస్తు కూటాలు ఊరూరా వ్యాపించాయనీ చదివాను. అయితే దొరికిన పుస్తకాలలో మిషనరీల చరిత్రే ఎక్కువ; గిటారు పట్టుకుని కంట్రీ సంగీతపు బాణీలో నవాహో భాషలో పాడిన ఇంటివారి మాట చాలా తక్కువ, నాకు కావలసింది అదే.

ఇలాంటి కుటుంబాలు స్వయంగా విడుదల చేసుకున్న పాత క్యాసెట్లను భద్రపరచిన గ్రంథాలయం ఏదైనా ఉన్నదా? మనుషులపై జరిపే పరిశోధనకు నవాహో నేషన్ సమీక్షా మండలి అనుమతి తప్పనిసరి అని తెలుసు, కానీ పత్రికా వ్యాసం కోసం చేసే ఇంటర్వ్యూకు కూడా అది వర్తిస్తుందా? పాటల సాహిత్యాన్ని అనువదించి ప్రచురించాలంటే మొదట కుటుంబ పెద్దను అడగాలా, సంఘ కాపరినా?

మరొక సున్నితమైన విషయం. సంప్రదాయ క్రతువులను పాటించే బంధువులూ, వాటిని విడిచిన విశ్వాసులూ ఒకే ఇంట్లో ఉన్నప్పుడు ఆ ప్రస్తావన తేవడం మర్యాదేనా, లేక వారంతట వారు చెప్పేదాకా ఆగాలా? అక్కడ నివసించినవారు, ముఖ్యంగా ఆ ప్రాంతపు ఆసుపత్రులలో, పాఠశాలల్లో పనిచేసిన తెలుగువారు, అనుభవంతో చెబితే కృతజ్ఞుడిని.