వీణ గోళ్లతో హార్ప్ మొదలుపెట్టొచ్చా?

మైలాపూర్_వీణ:
చిన్నప్పటి నుంచి వీణ వాయిస్తున్నాను, మిజ్రాబ్ (వేలికి తొడుక్కుని తీగ మీటే లోహపు ముక్క) లేకుండా గోళ్లతోనే. ఈమధ్య 34 తీగల లీవర్ హార్ప్ కొనుక్కున్నా. ఆన్‌లైన్ టీచర్ మొదటి క్లాసులోనే గోళ్లు తీసేయమన్నారు. బొటనవేలు పైకి ఉండాలట, మిగతా మూడు వేళ్లు కిందికి వాలాలట, చిటికెనవేలు అసలు వాడకూడదట. మీటిన ప్రతి వేలూ అరచేతిలోకి ముడుచుకోవాలట. చెన్నై డిసెంబర్ సంగీత సీజన్‌లో మా గురువుగారి శిష్యుల కచేరీ ఉంది. గోళ్లు తీస్తే నా వీణ ఏం కావాలి? ఇది నిజంగా అవసరమా, ఉత్త పట్టింపా?

తంత్రీప్రియ:
తీసేయండి. నైలాన్ తీగని వేలికొస కండతో పట్టి లాగితేనే నాదం గుండ్రంగా వస్తుంది. పైగా హార్ప్‌లో వాయించబోయే తీగల మీద వేళ్లు ముందే ఆనించి ఉంచుతాం. ఇంకా మోగుతున్న తీగకి గోరు తగిలిందంటే జుయ్‌మంటుంది. దాన్ని దాచడం ఎవరి తరమూ కాదు.

టీనగర్_రాంబాబు:
ఈ చట్టం ఎవరు చేశారండీ? 1792లో ఐర్లండ్‌లోని బెల్‌ఫాస్ట్‌లో హార్ప్ విద్వాంసులంతా కూడినప్పుడు, తొంభై దాటిన డెనిస్ హెంప్సన్ పొడుగాటి గోళ్లతోనే వాయించాడు. ఆ ముసలాయనకి చేతకాదంటారా?

తంత్రీప్రియ:
ఆయన హార్ప్‌కి ఉన్నవి ఇత్తడి తీగలు. అక్కడికి వచ్చినవాళ్లలో అలా గోళ్లతో వాయించింది ఆయనొక్కడేనని, ఆ సభలో పాటలు రాసుకున్న ఎడ్వర్డ్ బంటింగే రాసిపెట్టాడు. అది కూడా చెప్పండి మరి.

టీనగర్_రాంబాబు:
సరే, పరాగ్వే సంగతేంటి? అక్కడ నైలాన్ తీగలే, గోళ్లతోనే వాయిస్తారు.

తంత్రీప్రియ:
వాళ్ల తీగల బిగువు తక్కువ. మేడమ్ దగ్గరున్న హార్ప్ ఆ రకం కాదు కదా. ఏ తీగకి ఆ చెయ్యి.

అడయార్_శాస్త్రి:
మీరిద్దరూ గోళ్ల దగ్గరే ఆగిపోయారు. కొత్తవాళ్లని దెబ్బతీసేది గోరు కాదు, ముడవకపోవడం. వేలు మొదటి కణుపు నుంచి కదిలి, తీగ వదిలాక అరచేతిని తాకేదాకా వెళ్లాలి. సగంలో ఆపితే శబ్దం పీలగా ఉంటుంది, ముంజేయి బిగుసుకుపోతుంది. మీటిన వెంటనే చెయ్యి వదులు కావాలి, అరచేతిలో కోడిగుడ్డు పట్టుకున్నంత మెత్తగా. వీణవాళ్లకి ఇదే కష్టం. మన చూపుడు, మధ్య వేళ్లు తీగని కిందికి మీటి ఆగుతాయి, లోపలికి ముడవవు. బొటనవేలికైతే అసలు పనే ఉండదు. హార్ప్‌లో అదే ఒకటో నంబరు వేలు, దాన్ని నిలబెట్టడానికే నెలలు పడుతుంది.

ఇక మణికట్టు. ఫ్రెంచి పద్ధతిలో కుడి మణికట్టు సౌండ్‌బోర్డు (తీగలు బిగించిన చెక్క పలక) అంచుకి కాస్త ఆనుతుంది. హార్ప్ విద్వాంసుడు కార్లోస్ సాల్జెడో (1885–1961) పద్ధతిలో మోచేతులు ఎత్తి పెట్టాలి, మణికట్టు ఎక్కడా ఆనకూడదు. రెండువైపులా గొప్పవాళ్లున్నారు. మీ టీచర్‌ది ఏదో అడిగి అదే పట్టుకోండి. యూట్యూబ్‌లో పూటకొకటి చూసి కలిపేయకండి.

టీనగర్_రాంబాబు:
ఆనించడం మొదట్లో ఊతకర్ర అవుతుంది, తర్వాత వదలదు. నా ఓటు సాల్జెడోకే.

అడయార్_శాస్త్రి:
ఎత్తిపట్టిన మోచేతులతో భుజాలు బిగిసేవాళ్లూ ఉన్నారు బాబూ. ఓట్లతో తేలేది కాదు.

బీసెంట్‌నగర్_పద్మ:
ఒక్క మాట. వీణ మీటేది కుడిచేతి చూపుడు, మధ్య వేళ్లు. తాళం తీగలకి చిటికెనవేలు. ఆ చిటికెనవేలు హార్ప్‌కి అక్కర్లేదు, కాబట్టి దాని గోరు ఉంచుకోవచ్చు. ఎడమచేతి గోళ్లు మెట్లమీద నొక్కడానికి ఎలాగూ పొట్టిగానే ఉంటాయి. అంటే ఇంత యుద్ధమూ రెండు గోళ్ల కోసమా? ఆ రెంటికీ వీణ దగ్గర మిజ్రాబ్ తొడుక్కుంటే సరిపోదూ?

మైలాపూర్_వీణ:
పద్మక్కా, భలే పట్టుకున్నారు. కానీ మిజ్రాబ్‌కి గురువుగారు ఒప్పుకోరు. వీణ విదుషి ధనమ్మాళ్ గోళ్లతో వాయించిన ఊరిది, ఇనుప ముక్క నా ఇంట్లోకి రానివ్వనంటారు. సీజన్ అయ్యేదాకా హార్ప్ మీద ఎడమచేతితోనే సాధన చేస్తా. శాస్త్రిగారు చెప్పినట్టు ముడవడం ముందు ఆ చేతికే అలవాటు చేస్తా.

తంత్రీప్రియ:
రాగం నడిపేది కుడిచెయ్యి. అది వెనకబడిపోతుంది, చూసుకోండి.

మైలాపూర్_వీణ:
పడనివ్వండి. జనవరిలో ఆ రెండు గోళ్లూ తీసేస్తాను.