వంటగట్టుకీ గోడ టైల్స్‌కీ మధ్య సందు: ఏ సీలెంట్ పెట్టించాలి?

తెనాలి నుంచి, ప్రశ్న:

అందరికీ నమస్కారం. మా వంటింట్లో నల్ల గ్రానైట్ గట్టు, వెనక గోడకి తెల్ల టైల్స్. రెండూ కలిసే మూలలో మేస్త్రీ తెల్ల సిమెంటు నింపాడు. ఎండాకాలం దాటేసరికి వెంట్రుకవాసి పగులు కనిపించింది, ఇప్పుడు గోరు దూరుతోంది. సింకు పక్కన నీళ్లు అందులోంచే దిగి, కింద అరలో చెక్క ఉబ్బింది. చీమల దారి కూడా అదే. మేస్త్రీని పిలిస్తే మళ్లీ తెల్ల సిమెంటే పెడతానంటున్నాడు. హార్డ్‌వేర్ షాపులో ఒక సిలికాన్ ట్యూబు ఇచ్చారు, మూత తీయగానే వెనిగర్ వాసన గుప్పుమంది. పనిలో పనిగా పూజగదిలో పాలరాయి అరుగు చుట్టూ, వరండాలో తాండూరు బండల అంచుకీ ఇదే పెట్టించేయొచ్చా? తెలిసినవాళ్లు చెప్పగలరు.

బేతంచెర్ల, రాళ్ల పని:

అమ్మా, ఆ ట్యూబుని పాలరాయి దగ్గరికీ తాండూరు బండ దగ్గరికీ రానివ్వకండి. నేను నాపరాళ్ల మధ్యే పెరిగినవాణ్ణి, రాయి పాడైతే ప్రాణం ఉసూరుమంటుంది, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

వెనిగర్ వాసన వచ్చిందంటే ఆ సిలికాన్ గట్టిపడేటప్పుడు అసిటిక్ ఆమ్లం వదులుతోందని అర్థం. గాజుకి, మామూలు గ్లేజ్ టైల్‌కి దాంతో ఇబ్బంది లేదు. కానీ పాలరాయి, తాండూరు, మా బేతంచెర్ల రాయి, కడప నల్లబండ అన్నీ సున్నం జాతివే. ఆమ్లం తగిలినచోట రాయి పైపొర తినేస్తుంది, మెరుపు పోతుంది. అంతకంటే పెద్ద నష్టం, అతుకు కింద రాయే పొడిపొడిగా అయి సిలికాన్ పట్టు వదిలేస్తుంది. మీ రాయి ఏ జాతిదో అనుమానముంటే మిగిలిపోయిన ముక్క మీద నిమ్మరసం చుక్క వేసి కాసేపాగి తుడవండి. మచ్చ పడితే సున్నపురాయే. అసలు గ్రానైట్ చెక్కు చెదరదు. పరచిన బండ మీద మాత్రం ఈ పరీక్ష చేయొద్దు.

మీకు కావలసింది న్యూట్రల్ క్యూర్ సిలికాన్, అంటే గట్టిపడేటప్పుడు ఆమ్లం వదలని రకం. ట్యూబు వెనక ఆ మాట ఉంటుంది. అయితే అక్కడితో ఆగిపోకండి. చాలా సిలికాన్లలో మెత్తదనం కోసం కలిపిన నూనెలాంటి పదార్థం మెల్లమెల్లగా రాయిలోకి దిగుతుంది. లేత రంగు పాలరాయి మీద సందుకి అటూ ఇటూ నూనె పడ్డ కాగితంలా ఒక చార తేలుతుంది. సబ్బుతో పోదు, ఎండకి ఆరదు, పాలిష్ పట్టించినా లోపల అలాగే ఉంటుంది. అందుకని పూజగదికి సహజ రాయికి పనికొస్తుందని, మరక పట్టదని స్పష్టంగా రాసి ఉన్నదే తీసుకోండి. కంపెనీ డేటాషీట్‌లో ఏఎస్‌టీఎం సీ1248 (ఒక అమెరికా పరీక్షా ప్రమాణం) అని కనిపిస్తే, రంధ్రాలున్న రాయి మీద మరక పరీక్ష చేశారని అర్థం, ఫలితం ఏమని రాశారో కూడా చూడండి. ధర ఎక్కువే, కానీ పాలరాయి మార్చే ఖర్చు ముందు అది లెక్కలోకి రాదు.

హనుమకొండ నుంచి:

ఇంత ఎందుకండీ, ఎపాక్సీ గ్రౌట్ (టైల్స్ సందుల్లో నింపే రెసిన్ పదార్థం) వేయించండి. మా బాత్రూమ్ నేలకి వేయించాం, నీళ్లు దిగవు, పసుపు మరక కూడా పట్టదు.

బేతంచెర్ల, రాళ్ల పని:

నేల మీద టైల్‌కీ టైల్‌కీ మధ్య ఎపాక్సీ చాలా మంచిది అన్నా, నేనూ అదే చెబుతాను. వంటగట్టు మూల సంగతి వేరు. గట్టు ఒక దిమ్మె మీద కూర్చుంది, గోడ దాని దారిన అది ఉంది. వేడికీ బరువుకీ రెండూ ఒకేలా కదలవు. అక్కడ తెల్ల సిమెంటు పెట్టినా ఎపాక్సీ పెట్టినా గట్టి పదార్థమే కాబట్టి ఏదో ఒక అంచున విడిపోతుంది. రెండు తలాలు కలిసే మూలలో, రెండు రకాల సరుకు కలిసే చోట సాగే గుణమున్నదే ఉండాలి. ఆ మేస్త్రీ మళ్లీ సిమెంటు నింపితే వచ్చే వేసవికి మళ్లీ పగులుతుంది.

డాలస్ నుంచి:

ఇక్కడ టైల్ షాపుల్లో గ్రౌట్ రంగుకి సరిపోయే యాక్రిలిక్ కాక్ (సందులు పూడ్చే మెత్తటి పేస్టు) దొరుకుతుంది, ఇసుక కలిపినది కూడా. నీళ్లతో చెయ్యి కడుక్కోవచ్చు, పూయడం తేలిక. పొయ్యి వెనక పొడి చోట బాగానే ఉంది కానీ ఆరాక కుంచించుకుపోతుంది. సింకు పక్కన మేం సిలికానే పెట్టాం.

తెనాలి నుంచి:

చాలా థాంక్స్ అండీ. సిమెంటు గీకకుండా పైన సిలికాన్ పూయొచ్చా? మేస్త్రీ అలాగే చేస్తానంటున్నాడు.

బేతంచెర్ల, రాళ్ల పని:

వద్దమ్మా. కింద పగిలిన సిమెంటు కదులుతుంటే పైన పూత దాంతోపాటే లేచిపోతుంది. మొత్తం గీకించండి, దుమ్ము ఊడ్పించండి, ఉబ్బిన చెక్క వెనక తడి పూర్తిగా ఆరేదాకా పని మొదలుపెట్టనివ్వకండి. తడి మీద సిలికాన్ అంటదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిస్తే జిడ్డు పోతుంది. సందు లోతుగా ఉంటే అడుగున ఫోమ్ తాడు కుక్కించండి, అప్పుడు సిలికాన్ అటు రాయికీ ఇటు టైల్‌కీ మాత్రమే పట్టుకుని సాగుతుంది. అడుగునా అంటుకుంటే సాగలేక చిరుగుతుంది. రెండు వైపులా మాస్కింగ్ టేపు వేసి, పూసిన వెంటనే వేలితో ఒక్క ఊపున లాగి, పైన పొర కట్టకముందే టేపు తీసేయాలి. రోజంతా సింకు వాడకండి. సింకు పక్కకి బూజు పట్టని రకం అడగండి.

పూజగది మొదలుపెట్టే ముందు మాత్రం పాలరాయి ముక్క మీద గీత గీసి వారం పది రోజులు చూడండి. అంచున చార రాకపోతే అప్పుడు పని చేయించండి.